రెండో అడుగు మీద బరువు

పిచ్చుక వాళ్ళది నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. తొమ్మిదింటి రిహార్సల్‌కి ఎనిమిదింటికే ఇంట్లోంచి బయటపడుతుంది. బస్సు దూరమని కాదు, మెట్లు దిగటానికే పావుగంట పడుతుంది కాబట్టి. ఒక్కో మలుపులో వయోలా పెట్టె కింద పెట్టి, భుజం మార్చుకుని, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఎత్తుకుంటుంది. రెండో అంతస్తు ప్లంబరు సరిగ్గా అదే టైముకి తన పానాల సంచీతో బయటికొస్తాడు.

"ఇటివ్వమ్మా, కిందదాకా నేను పట్టుకొస్తా."

"వద్దండీ, అలవాటే."

"మనిషి చూస్తే పిడికెడు లేవు. ఏం పెట్టావమ్మా అందులో, ఇటుకలా?"

"వయోలానేనండీ," అని నవ్వేస్తుంది పిచ్చుక. నవ్వుతూనే పెట్టెని గోడవైపు తిప్పుకుంటుంది, ఆయన చెయ్యి తగలకుండా.

పిచ్చుక అన్నది వాళ్ళ నాన్న పెట్టిన పేరు. నాన్న పోయాడు, పేరు మిగిలింది. ఇప్పుడామెకి ముప్ఫై ఒకటి. నగర ఆర్కెస్ట్రాలో వయోలా వాయిస్తుంది. మూడో బల్ల, బయటి కుర్చీ. వయోలా అంటే వయొలిన్‌కి అక్క లాంటిది. కాస్త లావు, కాస్త బొంగురు. చెల్లెలు పైన కిలకిలమంటూ ఉంటే, అక్క మధ్యలో కూర్చుని ఇంటిపనంతా చేసుకుంటూ ఉంటుంది. ఎనిమిదిమంది వయోలా వాళ్ళు కలిసి వాయిస్తుంటే అందులో ఒకరు వాయించకపోయినా బయటివాళ్ళకి తెలీదు.

ఆ సంగతి పిచ్చుక ఉద్యోగంలో చేరిన మొదటి నెల్లోనే కనిపెట్టింది. ఒక ముక్క మరీ వేగంగా పోతోంది, వేళ్ళు అందుకోలేకపోయాయి. కమానుని తీగ మీంచి వెంట్రుకవాసి పైకి లేపింది. చెయ్యి మాత్రం అందరితో పాటు ఆడించింది. ముక్క అయిపోయింది. ఎవరూ తిరిగి చూళ్ళేదు. ఆ సాయంత్రం వయోలా పెట్టెలో పెడుతుంటే సెనగగింజంత బరువు ఎక్కువ తెలిసింది.

వాయించాల్సిన స్వరం వాయించకపోతే అది చెక్కలోనే ఉండిపోతుంది. ఉండిపోయి బరువెక్కుతుంది. వాయిద్యం పట్టిన వాళ్ళందరికీ తెలిసిన విషయమే ఇది, వానాకాలం తలుపు బిగుసుకుపోయినట్టు. ఎవరి వయోలాలో అయినా ఎంతో కొంత ఉంటుంది. జ్వరంతో వచ్చి వాయించిన రోజుది, పక్కావిడ చెప్పిన జోకుకి నవ్వాపుకోలేక వదిలేసినది, అంతా కలిపి పావుకిలో, అరకిలో. అందుకే ఆర్కెస్ట్రాలో ఒక మర్యాద ఉంది. ఎవరి వాయిద్యం వాళ్ళే ఎత్తుకోవాలి. ఇంకొకళ్ళది ఎంత దగ్గరున్నా, ఎంత దారికి అడ్డమున్నా, ఎత్తి చూడకూడదు. ఆడవాళ్ళ వయసడగటం కంటే పెద్ద తప్పు అది.

పిచ్చుక తొమ్మిదేళ్ళు ఆ మర్యాద చాటునే బతికేసింది. కష్టమైన చోటల్లా కమాను గాల్లో. రానురాను కష్టం కానిచోట కూడా గాల్లోనే. బద్ధకం కాదు, భయం. ఒకసారి గాల్లో ఆడించటం అలవాటైన చెయ్యి తీగమీద ఆనటానికి భయపడుతుంది.

నిరుడు వర్షాల్లో, రిహార్సల్ లేని ఒక రోజు, వయోలా పెట్టే అల్మారా అర విరిగింది. సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి కొత్త చెక్క, దాని కింద రెండు ఇనుప కోణాలు, గోడలోకి ఇంత పొడుగు మేకులు.

"చెక్క చెమ్మగిల్లింది, అందుకే విరిగింది," అంది వాళ్ళమ్మ, కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండా.

పిచ్చుక అమ్మవైపు చూసింది. కింద పడ్డ వయోలాని ఎత్తి మంచం మీద పెట్టింది ఎవరు మరి? అడగలేదు. అమ్మా చెప్పలేదు. మర్నాడు పొద్దున్న మెట్లమీద అమ్మ ప్లంబరు భార్యతో "మా అమ్మాయి లేకపోతే వాళ్ళకి కచేరీ నడవదు" అంటుంటే విని, పిచ్చుక మూడో అంతస్తులోనే పెట్టె దించి, వాళ్ళ మాటలయ్యేదాకా గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

*

ఒక సోమవారం నోటీసుబోర్డు మీద కాగితం అంటించారు. ఆర్కెస్ట్రా నడిపించే ఆయన్ని అందరూ కర్రాయన అంటారు, చేతిలో ఆ సన్నటి కర్ర ఉంటుంది కాబట్టి. కర్రాయన సంతకంతోనే ఉంది కాగితం. వయోలా వాళ్ళందరూ ఆరు వారాల తర్వాత, హాల్లో, అందరి ముందూ, ఒక్కొక్కళ్ళుగా కూర్చుని బారోక్ సూట్‌లోంచి ఒక నాట్యం వాయించాలి. వాయించలేనివాళ్ళ కుర్చీ సంగతి తర్వాత మాట్లాడదాం, అని చివర్లో మర్యాదగానే రాశాడు.

"సూటంటే బూటు కూడా తెచ్చుకోవాలేమో," అన్నాడు నాలుగో బల్ల అతను. అందరూ నవ్వారు. పిచ్చుక కూడా నవ్వింది, ఒక క్షణం ఆలస్యంగా.

సూటంటే మూడొందల ఏళ్ళ కిందటి నాట్యాల బాణీల దండ. ముందొక ప్రెల్యూడ్, అంటే ఎత్తుగడ, తర్వాత ఐదు నాట్యాలు. తోడు వాయిద్యం ఉండదు. ఒక్క వయోలానే పాడాలి, దానికదే వంత పాడుకోవాలి. కమాను గాల్లో ఉంటే గాలే వినిపిస్తుంది.

ఆ సాయంత్రం పిచ్చుక వాయిద్యాలు బాగుచేసే మేస్త్రీ కొట్టుకి వెళ్ళింది. మేస్త్రీకి మాత్రం ఎవరి వాయిద్యమైనా ఎత్తొచ్చు, డాక్టరు దగ్గర సిగ్గేమిటి. ఆయన ఒక చేత్తో ఎత్తబోయాడు, లేవలేదు. రెండో చెయ్యి వేశాడు. కళ్ళజోడు పైనుంచి ఒక్కసారి చూసి, తీసుకెళ్ళి కాటా మీద పెట్టాడు.

"పదకొండు కిలోల రెండొందల గ్రాములు."

పిచ్చుక నేల చూసింది. నేలమీద చెక్కపొట్టు ఉంది, దాన్ని చెప్పుతో ఒకపక్కకి తోసింది.

"మెడ దగ్గర జిగురు వదిలేస్తోందమ్మా. రెండు నెల్లాగితే మెడ విరిగి చేతికొస్తుంది. దానిదేలే, నీది కాదు."

"కోసి తీసెయ్యలేరా?"

"ఏంటి, కాయలో గింజలా? ఎటు పోవాల్సినవి అటే పోవాలి. వాయించు. పక్కన ఇంకో వయోలా లేకుండా వాయించు. ఆ సూటేదో నేర్చుకోమన్నారుగా, దానికంటే మందు లేదు."

"ఎవరి దగ్గర నేర్చుకోను?"

మేస్త్రీ ఆమెవంక విచిత్రంగా చూశాడు. "ఎవరి దగ్గరేంటి? తొమ్మిదేళ్ళలో ఏడేళ్ళు నీ పక్క కుర్చీలోనే కూర్చున్నాడుగా. బాబాయ్ దగ్గర."

*

మూడో బల్ల, లోపలి కుర్చీ బాబాయ్‌ది. ఆర్కెస్ట్రాలో అందరికీ బాబాయే. సన్నగా, పొడుగ్గా, దులిపిన దుప్పటిలా ఉంటాడు. రెండేళ్ళ కిందట ఆయన్ని పంపించేశారు. ఎందుకు పంపించారో ఈ భూమ్మీద తెలిసిన మనిషి తనొక్కతే అనుకునేది పిచ్చుక.

ఒక్కో బల్ల దగ్గర ఇద్దరు కూర్చుంటారు, ఇద్దరికీ ఒకే కాగితం. అందరూ ఒకే వరస వాయిస్తారు. ఎప్పుడైనా ఆ వరస రెండుగా చీలుతుంది. అప్పుడు బయటి కుర్చీ పై వరస, లోపలి కుర్చీ కింది వరస. ఇది ఎవరూ రాసుకోని రూలు, ఎవరూ తప్పని రూలు. ఆ రోజు రిహార్సల్లో ఒక నెమ్మది ముక్క ఉంది. మిగతా ఆర్కెస్ట్రా అంతా ఆగిపోయి, మూడో బల్ల వయోలాలు రెండే వాయించాలి. పై వరస చాలా ఎత్తులో ఉంది.

"బాబాయ్, ఈ ఒక్కసారికి పైది మీరు తీసుకోరా? కిందది నేను వాయిస్తా."

"దానికేం భాగ్యం తల్లీ, అలాగే," అన్నాడు బాబాయ్.

ముక్క వచ్చింది. హాలంతా సద్దుమణిగింది. పిచ్చుక చెయ్యి అలవాటు ప్రకారం వెంట్రుకవాసి పైకి లేచింది. బాబాయ్ పై వరస ఒంటరిగా సాగింది, కింద నేల లేని మేడలా.

కర్రాయన కర్రతో బల్ల మీద కొట్టాడు. "మూడో బల్ల. పై వరస బ్రహ్మాండం. బయటి కుర్చీ, చాలా బాగుందమ్మా. కింది వరస ఏది? లోపలి కుర్చీ, మీరు నిద్రపోతున్నారా?"

నోరు తెరవటానికి ఒక క్షణం చాలు. ఆ క్షణం వచ్చింది, ఆమె ముందు నిలబడింది, పోయింది. పిచ్చుక కాగితం వంక చూస్తూ ఉండిపోయింది. బాబాయ్ ఆమెవైపు ఒకసారి తిరిగి, మళ్ళీ ముందుకు తిరిగి, "క్షమించండి," అన్నాడు.

నెల తిరక్కుండా బాబాయ్‌కి పూలగుత్తీ, ఇక విశ్రాంతి తీసుకోమని ఉత్తరం ఇచ్చారు. రిటైరవటానికి ఇంకా నాలుగేళ్ళుంది ఆయనకి. ఆ రోజు ఎవరైనా ఆయన వయోలా ఎత్తి చూసుంటే సరిపోయేది. ఎవరూ ఎత్తలేదు. మర్యాద కదా.

*

బాబాయ్ ఇప్పుడు వాళ్ళ అక్క నడిపే లాండ్రీలో ఉంటున్నాడు. లాడ్జీల దుప్పట్లు, ఆసుపత్రి దుప్పట్లు మూటలు మూటలుగా వస్తాయి. కింద ఉతకటం, పై గదిలో ఆరబెట్టి మడతలు పెట్టటం. పిచ్చుక వెళ్ళేసరికి ఆవిడ ఒక మూటని కాటా మీదకి ఎత్తుతోంది. భారీ మనిషి, భారీ గొంతు.

"ఎవరమ్మాయ్?"

"బాబాయ్ పక్కన వాయించేదాన్నండీ. సూటు నేర్చుకుందామని..."

"ఆర్కెస్ట్రా పిల్లవా! వాడు నీకు బాబాయైతే నాకు మేనకోడలివే. అండీ గిండీ ఏంటి, అత్తయ్యా అను." పైకి చూసి కేకేసింది. "ఒరేయ్! నీకోసం మనిషొచ్చింది. రెండేళ్ళకి ఒకళ్ళకి గుర్తొచ్చావు!"

పై గది నిండా తీగల మీద తెల్లటి దుప్పట్లు. వాటి మధ్య కుర్చీలో బాబాయ్. ఆయన వయోలా కిటికీ ఊచకి దారంతో కట్టేసి ఉంది. పైన ఫ్యాను తిరుగుతుంటే అది గాల్లో మెల్లగా ఊగుతోంది, కట్టకపోతే కిటికీలోంచి ఎగిరిపోయేలా ఉంది. పిచ్చుక ఇంత తేలిక వయోలా ఎప్పుడూ చూళ్ళేదు. ఏ బాకీ లేని వయోలా చెక్కంత బరువైనా ఉండాలి. ఇది అంత కూడా లేదు.

బాబాయ్ ఆమెని చూశాడు, పెట్టెని చూశాడు, పెట్టె పట్టీ దిగిన భుజాన్ని చూశాడు.

"ఏం తల్లీ, ఏ ముక్క కావాలి?"

"అన్నీ, బాబాయ్."

"అయితే మొదట్నుంచీ మొదలెట్టు."

ప్రెల్యూడ్ మొదలెట్టింది. వేళ్ళు తడబడ్డాయి, తీగ కీచుమంది. నాలుగో వరసలో చెయ్యి అలవాటుగా పైకి లేచింది. గదిలో నిశ్శబ్దం పడింది. పక్కన కప్పిపుచ్చటానికి ఎవరూ లేరు. మళ్ళీ ఆనించింది. అలా గంటసేపు లేపుతూ, ఆనిస్తూ, చివరికి ఒక్కసారి మొదట్నుంచి కొసదాకా తీగ వదలకుండా వాయించింది. ఆ వాయించటంలో ఎక్కడో, ఆమె వేళ్ళు ఒకటి పలికిస్తుంటే, వయోలాలోంచి ఇంకోటి జారి బయటపడింది. మూడేళ్ళ కిందట ఏదో వాల్ట్‌జ్‌లో ఆమె ఎగ్గొట్టిన ముక్క. దుప్పట్ల మధ్య ఒక చుట్టు తిరిగి కిటికీలోంచి వెళ్ళిపోయింది.

"ఒరేయ్, ఇది సూట్లోది కాదే!" అంది అత్తయ్య కిందనుంచి.

"పాతదక్కా. వస్తాయి, పోతాయి," అన్నాడు బాబాయ్.

దిగేటప్పుడు అత్తయ్యే వయోలా లాక్కుని మూటల కాటా మీద పెట్టింది. ఆవిడకి ఆర్కెస్ట్రా మర్యాదలు తెలీవు, తెలిసినా లెక్కలేదు. "పది తొమ్మిదొందలు. ఆసుపత్రి మూట కంటే ఎక్కువే తూగుతోందే పిల్లా! ఫరవాలేదు, వాడు ఉతికి ఆరేస్తాడులే."

అట్లా మొదలైంది. రోజూ రిహార్సల్ అవగానే లాండ్రీ. బాబాయ్ మాటలతో పాఠం చెప్పడు. అల్మాండ్ నేర్పిన రోజు చేతికి తడి దుప్పటి కొస ఇచ్చాడు. "ఇది జంటలు చెయ్యి పట్టుకుని నడిచే నాట్యం. నడువు." రెండో కొస ఆయన పట్టుకున్నాడు. ఎదురెదురుగా నడిచి, కొసలు కలిపి, వెనక్కి నడిచి, మళ్ళీ కలిపి. ఇరవై దుప్పట్లు మడత పెట్టాక వయోలా తీయమన్నాడు. చేతికి ఆ నడక వచ్చేసింది. కూరాంత్‌కి మెట్లమీద పైకీ కిందకీ పరిగెత్తించాడు. మినుయెట్‌కి తడినేల మీద జారకుండా చిన్న చిన్న అడుగులేయించాడు, అత్తయ్య తప్పులు లెక్కపెట్టింది. జీగ్ అయితే గెంతే నాట్యం. బాబాయ్ గెంతలేడు కాబట్టి అత్తయ్యే గెంతి చూపించింది, కింద బకెట్లు మోగాయి.

ఒక్కో నాట్యంతో కొంత కొంత దిగింది. ఒక కవాతు పాట తోక, ఏదో నాటకానికి వాయించిన ఉరుముల సంగీతం, ఒక పసిపిల్లల కచేరీలో వదిలేసిన జోలపాట. తొమ్మిది కిలోలు. ఆరు. నాలుగు. మెట్లమీద పిచ్చుక ఇప్పుడు ఒక్క మలుపులోనే ఆగుతోంది.

బరువు దిగినకొద్దీ ఇంకోటి ఎక్కింది. అత్తయ్య టీ ఇచ్చినప్పుడల్లా అది ఎక్కుతుంది.

"మావాడు కింది వరస వాయించలేదన్నారు చూడు," అనేది అత్తయ్య, గ్లాసు చేతికిస్తూ. "నలభై ఏళ్ళు చెమటోడ్చినవాడు ఆ నాలుగు ముక్కలు వాయించడా? ఎవడో పక్కనోడు చేసుంటాడు. నోరు విప్పని ఆ పక్కనోడికి అన్నం ఎలా సయిస్తోందో! నువ్వు తాగమ్మా, చల్లారిపోతోంది."

పక్కనోడు ఎవడో కాదు, నేనే, నీ టీ తాగుతున్నాను. ఆ మాట గొంతుదాకా వచ్చేది. పిచ్చుక టీతో పాటు దాన్నీ మింగేసేది.

*

సారాబాంద్ మిగిలింది. అన్నిట్లోకీ నెమ్మదైనది. స్వరాలు తక్కువ, అందరికీ వచ్చేది. అదే రావట్లేదు ఆమెకి.

"మూడు అడుగులు," అన్నాడు బాబాయ్. "వేరే నాట్యాల్లో మొదటి అడుగు మీద బరువేసి గట్టెక్కేస్తారు. ఇందులో రెండో అడుగు మీద ఆగాలి. ఆగి, బరువంతా దానిమీద మొయ్యాలి. నువ్వేమో రెండోది రాగానే కాలు కాలినట్టు మూడోదానికి గెంతుతున్నావు. మళ్ళీ."

మళ్ళీ వాయించింది. మళ్ళీ గెంతింది.

"ఎందుకు పారిపోతున్నావు తల్లీ?"

పిచ్చుక వయోలా దించింది. చుట్టూ తెల్ల దుప్పట్లు. "బాబాయ్, ఆ రోజు కింది వరస..."

"ఊఁ."

"నేను వాయించలేదు. కమాను ఆనించలేదు. మీరేననుకున్నారు. నేను... చెప్పలేదు."

బాబాయ్ ఒక దుప్పటి అంచు సరిచేశాడు.

"ఏడేళ్ళు నీ పక్కనే కూర్చున్నాను. నా కుడి చెవిలోకి ఏం వస్తోందో ఏం రావట్లేదో నాకు తెలీదా? నీవి కూడా నేనే వాయించేవాణ్ణి. కొంచెం గట్టిగా లాగితే ఇద్దరు వాయించినట్టే ఉంటుంది. ఆ రోజు వరస చీలింది కాబట్టి దొరికిపోయాం. రెండు వరసలు ఒక్కడు వాయించలేడు కదా."

కిటికీ దగ్గర ఆయన వయోలా దారం చివర ఊగుతోంది. అది ఎందుకంత తేలికో ఆమెకి అప్పుడు అర్థమైంది.

"మరి మీరెందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావని." బాబాయ్ గొంతులో కోపం లేదు, అదే ఘోరం. "ఆ క్షణంలో చెప్తావనుకున్నాను. తర్వాత మెట్లదాకా చూశాను. నువ్వు నా వెనకే వస్తున్నావు, అడుగులు వినిపించాయి. బస్టాపు దాకా చూశాను. నా బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి కూడా చూశాను."

పిచ్చుకకి గుర్తుంది. బస్సు వెళ్ళేదాకా ఆమె చెప్పుల దుకాణం అద్దంలో చెప్పులు చూస్తున్నట్టు నిలబడింది.

ఆయన ఫరవాలేదు అంటాడేమోనని ఎదురుచూసింది. అనలేదు. "వయోలా ఎత్తు. సారాబాంద్," అన్నాడు.

ఆ రోజు సాయంత్రం అత్తయ్య కాటా మీద చెక్క బరువు తీసేస్తే అరకిలోయే మిగిలింది. ఆ తర్వాత ఎన్ని రోజులు వాయించినా ఆ అరకిలో కదల్లేదు.

"అది ఇక్కడ దిగదు," అన్నాడు బాబాయ్. "ఎక్కడ మింగావో అక్కడే కక్కాలి."

"దాన్నలాగే వదిలేస్తే?"

"వదిలేయొచ్చు. అరకిలో ఎవరికీ కనపడదు. జీగ్ వాయించు. బ్రహ్మాండంగా వస్తోంది నీకు. అంత వేగంలో దానికి బయటికొచ్చే సందుండదు. నీ కుర్చీ నీకుంటుంది." ఫ్యాను కట్టేశాడు. "సారాబాంద్‌లో మాత్రం సందులెక్కువ."

*

పరీక్షరోజు పొద్దున్న మెట్లమీద ప్లంబరు మామూలుగానే అడిగాడు, ఆమె మామూలుగానే వద్దంది. అమ్మ గుమ్మంలోంచి "బాగా వాయించు" అని, "ఎలా వాయించినా ఇంటికి రా," అంది.

హాల్లో బల్లలన్నీ పక్కకి జరిపి, స్టేజీ మధ్యన ఒకే కుర్చీ వేశారు. మిగతావాళ్ళంతా కింద, ప్రేక్షకుల సీట్లలో. ముందు వరసలో కర్రాయన, చేతిలో కర్ర లేకుండా, ఒళ్ళో జాబితాతో. "మూడో బల్ల, బయటి కుర్చీ. జీగ్ అని రాసిచ్చారు."

పిచ్చుక కూర్చుంది. అక్కడినుంచి చూస్తే మూడో బల్ల ఖాళీగా కనిపిస్తోంది, రెండు కుర్చీలూ. జీగ్ మొదటి స్వరం మీద వేలు పెట్టింది. ఆ వేలు కింద ఆమె కుర్చీ ఉంది, అమ్మ మెట్లమీద చెప్పుకునే గొప్ప ఉంది, నెల జీతముంది. మూడు నిమిషాలు గెంతితే చాలు.

వేలు తీసేసింది.

"సారాబాంద్ అండీ," అంది. వినపడలేదేమోనని మళ్ళీ చెప్పింది.

మొదలెట్టింది. ఒకటి. రెండు మీద ఆగింది. బరువంతా అక్కడ పెట్టింది. చెయ్యి లేవలేదు. మూడు. మళ్ళీ ఒకటి. మళ్ళీ రెండు. మొదటి సగం అయింది. రెండో సగంలో, ఒక పొడుగు స్వరం మీద ఆగి ఉండగా, దాని అడుగునుంచి ఇంకోటి వచ్చింది. నెమ్మదిగా, లోతుగా, కింది వరస. రెండేళ్ళ కిందట ఇదే హాల్లో ఎవరికీ వినపడనిది. మొదట్నుంచి చివరిదాకా, ఒక్క స్వరం తప్పకుండా వచ్చింది. పిచ్చుక దాన్ని అడ్డుకోలేదు. దానికి దారిచ్చి, అది అయ్యేదాకా రెండో అడుగు మీదే నిలబడి, తర్వాత మూడోది వేసింది.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. పాతవి వస్తాయని అందరికీ తెలుసు. కానీ ఏ పాతదో అందరూ గుర్తుపట్టారు. మొదటి బల్ల పెద్దావిడ పెదాలు ఆ వరసతో పాటే కదిలాయి. సారాబాంద్ అయిపోయాక ఆవిడే అంది, ఎవరితోనో కాదు, తనతో తనే అన్నట్టు.

"కిందది ఈ అమ్మాయి దగ్గరుంటే, ఆ రోజు పైది ఎవరు వాయించినట్టు?"

కర్రాయన ఒళ్ళో కాగితం కింద పడింది. తీసుకోలేదు.

"బాబాయ్ అండీ," అంది పిచ్చుక. "నేనే మార్చుకోమన్నాను. మీరు బ్రహ్మాండమన్నది ఆయన్ని. నిద్రపోతున్నారా అన్నది నన్ను."

నాలుగో బల్ల అతను కూడా జోకు వేయలేదు. డెబ్భై మంది ఆమెవైపు చూడకుండా ఉండటానికి సీలింగు చూశారు, బూట్లు చూసుకున్నారు. తిట్టినా బాగుండేది. కర్రాయన మెల్లగా స్టేజీ ఎక్కాడు. అడక్కుండానే ఆమె చేతుల్లోంచి వయోలా తీసుకుని ఎత్తి చూశాడు. ఆ హాల్లో ఒకరి వాయిద్యం ఇంకొకరు ఎత్తటం అదే మొదలు. ఉత్త చెక్క బరువే ఉంది.

"ఆయన ఇల్లెక్కడ?" అన్నాడు.

*

సోమవారం పొద్దున్న మూడో బల్ల బయటి కుర్చీలో బాబాయ్ కూర్చున్నాడని పిచ్చుకకి మేస్త్రీ చెప్పాడు. వయోలా దారం మణికట్టుకి చుట్టుకున్నాడట. లోపలి కుర్చీ ఏడాదిపాటు ఖాళీగా ఉంచుతారట. ఏడాది తర్వాత ఆమె వచ్చి మళ్ళీ మొదట్నుంచి పరీక్ష ఇస్తే, అప్పుడు చూస్తారట. అంతకంటే మర్యాదగా చెప్పలేడు కర్రాయన.

ఆమె మాత్రం ఆ పొద్దున్న లాండ్రీ గుమ్మం ముందు నిలబడింది. అత్తయ్యకి అన్నీ తెలిసిపోయాయని అత్తయ్య వీపే చెప్తోంది. ఆవిడ మూటలు విప్పింది, కాటా తుడిచింది, ఇస్త్రీపెట్టె వేడిచేసుకుంది. అరగంట అయింది. గుమ్మంలో మనిషున్నట్టు చూడనే లేదు. టీ పెట్టుకుంది, ఒక్క గ్లాసే. పిచ్చుక వెళ్ళిపోలేదు. ఇక్కడా ఎదురుగా ఒక చెప్పుల దుకాణం ఉంది, అటు తిరగలేదు.

"నా టీ తాగావు," అంది అత్తయ్య చివరికి, వెనక్కి తిరక్కుండా.

"తాగాను అత్తయ్యా."

"నేను తిడుతుంటే విన్నావు."

"విన్నాను."

"అత్తయ్యా గిత్తయ్యా అనకు."

"సరేనండీ."

అత్తయ్య తడి దుప్పటి ఒకటి బకెట్లోంచి తీసింది, రెండు చేతులూ చాచి దులపబోయింది. ఒక్కత్తివల్ల కాలేదు, కొస నేలకి జారింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ జారింది. రెండేళ్ళుగా ఆ రెండో కొస పట్టుకున్న మనిషి ఇప్పుడు రిహార్సల్లో ఉన్నాడు.

"మావాణ్ణి తీసుకుపోయారు," అంది గోడతో. "ఈ కొస ఎవరు పట్టుకుంటారట?"

పిచ్చుక వయోలా పెట్టె గుమ్మం పక్కన దించి లోపలికొచ్చింది. వంగి, నేలమీదున్న కొస అందుకుంది. అత్తయ్య ఆమె మొహం చూడలేదు, కొసలు సరిపోయాయో లేదో మాత్రం చూసింది. ఎదురెదురుగా నడిచారు. కొసలు కలిపారు. వెనక్కి నడవబోయి పిచ్చుక తొందరపడింది.

"ఆగు," అంది అత్తయ్య.

పిచ్చుక ఆగింది.